ఆపిన బండి, ఆపని బండి



2018 జూన్ నెలలో మేము కెనడా దేశంలో చేసిన ప్రయాణం గురించి రాయమని మీలో చాలామంది అడుగుతూనే ఉన్నారు. ఆరాధన అయ్యాక మందిరం మెట్ల మీద అడిగారు, పెళ్ళి భోజనాల దగ్గర అడిగారు. "ఇల్లులాంటి బండిలో ఐదువేల కిలోమీటర్లు తిరిగొచ్చారంట గదా, ఆ సంగతులేందో మాకూ చెప్పండి" అన్నారు. ఇన్నేళ్ళూ రాయలేదు. కారణం ఉంది. ఆ ప్రయాణం గురించి నిజంగా చెప్పాలంటే, మన ఆత్మకూరు–ఉదయగిరి దారిలో మేము చేసిన ఒక పని గురించి కూడా చెప్పాలి. దానికి మాకు ధైర్యం చాలలేదు. ఈ నెల చెబుతున్నాం.

ఈ శీర్షిక మేము భార్యాభర్తలం కలిసి రాస్తామని మీకు తెలుసు. అందుకే ఇందులో "మేము" అనే మాటే గాని "నేను" అనే మాట ఉండదు. ఈసారి కూడా అంతే. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మా అబ్బాయి ఎడ్మంటన్ అనే నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. కోడలు, ఇద్దరు పిల్లలు. మేమిద్దరం బడిపంతుళ్ళుగా రిటైరయి ఆత్మకూరులో ఉంటున్నవాళ్ళం. ఆ వేసవికి రమ్మని టిక్కెట్లు పంపాడు. వెళ్ళిన వారానికే, "నాన్నా, అమ్మా, ఉత్తరానికి పోదాం. మనుషులు లేని నేల ఎలా ఉంటుందో చూద్దురు గాని" అన్నాడు. ఒకరోజు ఇంటి ముందు పాతిక అడుగుల పొడవున్న బండి తెచ్చి నిలిపాడు. అద్దెకు తెచ్చాడట. అక్కడివాళ్ళు దాన్ని ఆర్.వి. అంటారు. మేము చూడగానే గూడుబండి అన్నాం. ఆ పేరే పిల్లలకు నచ్చి, ప్రయాణం అయ్యేదాకా దాన్ని గూడుబండి అనే పిలిచారు.

ఆ బండిలో గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, స్నానానికీ మరుగుదొడ్డికీ కలిపి ఒక ఇరుకు గది ఉన్నాయి. డ్రైవర్ తల మీద అటకలాంటి పడక, అది పిల్లలది. భోజనాల బల్ల రాత్రికి మంచమవుతుంది. అడుగున మూడు తొట్లు ఉంటాయి. ఒకటి మంచినీళ్ళకు, ఒకటి అంట్లు కడిగిన నీళ్ళకు, ఒకటి మరుగుదొడ్డికి. రెండు మూడు రోజులకొకసారి, దానికని కేటాయించిన చోట బండి ఆపి, గొట్టం తగిలించి ఆ మురుగు తొట్లు ఖాళీ చేయాలి. ఆ పని మా అబ్బాయే చేశాడు. చిన్నప్పుడు పాలేరుతో పాటు పేడ ఎత్తమంటే ముక్కు మూసుకుని పారిపోయిన పిల్లవాడే ఇతడు!

కదిలే ఇంటికి ఒక కట్టడి ఉంది. బండి కదిలే ముందు ప్రతి అలమారకూ గడియ పెట్టాలి, పొయ్యి మీద ఏమీ ఉంచకూడదు. మొదటి రోజు మాకది గుర్తులేదు. మొదటి మలుపులోనే సాంబారు గిన్నె జారి కోడలి చెప్పుల్లో పడింది. మేము బిక్కమొహం వేసుకుని చూస్తుంటే కోడలు పకపకా నవ్వింది. ఆరుగురు మనుషులు పాతిక అడుగుల్లో పదహారు రోజులు ఉండాలంటే ఆ నవ్వే కావాలి. అది లేకపోతే ఎంత పెద్ద ఇల్లయినా ఇరుకే.

ఇల్లు వెంటబెట్టుకుని తిరగడం మన సంఘాలకు కొత్తేమీ కాదు. 1840లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను మొదలైంది. రైళ్ళు లేవు, చెప్పుకోదగ్గ రోడ్లు లేవు. 1853 చివర జూయెట్ దొరగారు, దొరసానిగారు, నర్సు, జూలియ, రూతు ఈ ఐదుగురూ నెల్లూరు నుంచి ఉత్తరంగా ఒంగోలు దాకా వెళ్ళి, 1854 జనవరి 1న తెల్లవారుజామున కొండ మీద ప్రార్థించిన సంగతి మన పిల్లలందరికీ తెలుసు. అదే నేటి ప్రార్థన కొండ. తరువాత 1885లో ఉదయగిరిలోనూ, 1893లో ఆత్మకూరులోనూ మిషను కేంద్రాలు ఏర్పడ్డాయి. ఈ మెట్ట పల్లెలకు సువార్త వచ్చింది ఎడ్లబండ్ల మీదే. చలికాలం వస్తే డేరా, వంట సామాను, పుస్తకాల పెట్టె బండికెక్కించి, ఊరి బయట చింతతోపులో దించుకునేవారు. ఆ రోజుల్లో బండి చక్రం విరిగితే దాటిపోయే బండి ఉండేది కాదు. ఆ మాట మళ్ళీ చెబుతాం.

ఎడ్మంటన్ నుంచి ఆరువందల కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరంలో డాసన్ క్రీక్ అనే చిన్న పట్టణం ఉంది. అలాస్కా హైవే అక్కడ మొదలవుతుంది. నడివీధిలో సున్నా మైలు అని రాసిన స్తంభం ఉంది. అక్కడి నుంచి రోడ్డు వాయవ్యంగా అడవులూ కొండలూ దాటుకుంటూ పోయి అలాస్కాలో డెల్టా జంక్షన్ దగ్గర ఆగుతుంది. మొత్తం 2,200 కిలోమీటర్ల పైన. మాకు అమెరికా వీసా లేదు గనుక సరిహద్దుకు ఇవతల బీవర్ క్రీక్ దాకా వెళ్ళి వెనక్కి రావాలని నిర్ణయించుకున్నాం.

ఆ రోడ్డు పుట్టిన కథ మా అబ్బాయి బండి నడుపుతూ చెప్పాడు. 1941 డిసెంబరులో జపాను విమానాలు పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేశాక, అలాస్కాకు నేల మీద దారి లేదని అమెరికాకు భయం పట్టుకుంది. 1942 మార్చిలో పని మొదలుపెట్టి, ఎనిమిది నెలల్లో ఆ అడవిలో దారి తీశారు. పదివేలకు పైగా సైనికులు పని చేశారు. వారిలో సుమారు మూడోవంతు నల్లజాతివారు. అప్పట్లో అమెరికా సైన్యంలో నల్లవారిని తెల్లవారితో కలవనిచ్చేవారు కాదు. వారి పటాలాలు వేరు, గుడారాలు వేరు. వారికి యంత్రాలు అప్పగించడానికి కూడా పై అధికారులు సందేహించారు. ఊళ్ళ దగ్గరికి రానివ్వకుండా అడవిలోనే ఉంచారు. సికానీ చీఫ్ అనే నది మీద వంతెన కట్టడానికి చాలా రోజులు పడుతుందని అంచనా వేస్తే, 95వ ఇంజనీరు పటాలంలోని నల్ల సైనికులు మంచులాంటి నీళ్ళలో నిలబడి నాలుగు రోజులు కూడా పట్టకుండా కట్టేశారు.

ఇది వింటున్నప్పుడు మాకు మన ఊళ్ళే గుర్తొచ్చాయి. ఊరికి బయట వాడ, రోడ్డు వేసేది వాడవాళ్ళు, ఆ రోడ్డు మీద చెప్పులు వేసుకుని నడవకూడనిదీ వాడవాళ్ళే. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని క్లౌ దొరగారు కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరికేలా చేసిన సంగతి మీరెరుగుదురు. ఆ కాలువ గట్టు మీద గంపలు మోసినవాళ్ళ మనవళ్ళం, మునిమనవళ్ళం మనలో ఎందరమో ఉన్నాం. సుఖంగా దారిన పోయేవాడికి ఆ దారి వేసినవాడి పేరు తెలియదు. మేము మాత్రం సికానీ చీఫ్ నది దగ్గర బండి ఆపి, దిగి, ఒక నిమిషం నిలబడి వచ్చాం. పిల్లలకు ఎందుకో చెప్పాం.

ఫోర్ట్ నెల్సన్ అనే ఊరు దాటాక అసలైన ఖాళీ మొదలైంది. మనకు అడవి అంటే ఉదయగిరి దుర్గం చుట్టూ ఉన్న కంప, రేగుపొదలు, మధ్యలో మేకలు, ఎక్కడో ఒక మేకలకాపరి పాట. అక్కడి అడవి అలా కాదు. సన్నగా నిటారుగా నిలిచిన దేవదారు జాతి చెట్లు తప్ప, గంట ప్రయాణం చేసినా ఇల్లు కనపడదు, మనిషి కనపడడు. సెల్‌ఫోను బొమ్మ మీద గీతలన్నీ మాయం. పెట్రోలు బంకు కనిపిస్తే, తొట్టి సగం నిండి ఉన్నా ఆగి నింపుకోవాలి. తరువాతి బంకు మూసి ఉంటే ఏం చేస్తావు? రోడ్డు మీద అడవి దున్నల్లాంటి బైసన్లు మందలుగా అడ్డం నిలబడి, మనం హారన్ కొట్టినా తల తిప్పవు. వాటికి తొందర లేదు. ఎలుగుబంట్లు రోడ్డు పక్కన గడ్డి మేస్తూ కనపడ్డాయి, ఒక్కరోజే నాలుగు.

ఎలుగుబంటి గురించి ఒక ముచ్చట. ఎడ్మంటన్‌లో మన దేశపు దుకాణంలో ఎండుచేపలు దొరికితే కొని దాచిపెట్టుకున్నాం. నెల్లూరు వాళ్ళం గదా. ఒక సాయంత్రం మంచో సరస్సు ఒడ్డున బండి నిలిపి, బయట పొయ్యి మీద వాటిని వేయించబోయాం. మా అబ్బాయి పరుగెత్తుకొచ్చి గిన్నె లాక్కున్నాడు. "అమ్మా, నాన్నా, ఈ వాసనకు మనకంటే ముందు ఎలుగుబంటి వస్తుంది!" ఆ అడవిలో తిండి, చెత్త, ఆఖరికి సబ్బు కూడా బయట వదలకూడదట. మనిషి తిండికి అలవాటుపడిన ఎలుగు మళ్ళీ మళ్ళీ మనుషుల దగ్గరికే వస్తుంది. చివరకు దాన్ని కాల్చేయాల్సి వస్తుంది. మన అజాగ్రత్తకు అది ప్రాణం ఇచ్చుకుంటుంది. ఎండుచేపలు అలాగే ఎడ్మంటన్‌కు తిరిగొచ్చాయి.

వాట్సన్ లేక్ అనే ఊళ్ళో ఒక వింత చూశాం. 1942లో రోడ్డు పనిలో దెబ్బ తగిలి అక్కడ ఉండిపోయిన కార్ల్ లిండ్లీ అనే సైనికుడికి దారి చూపే బోర్డులు సరిచేసే పని అప్పగించారు. ఇంటి మీద బెంగతో ఉన్న ఆ కుర్రవాడు తన ఊరి పేరు, అక్కడికి ఎంత దూరమో రాసి ఒక బోర్డు కొట్టాడు. అది చూసి మరొకడు, మరొకడు. ఇప్పుడది బోర్డుల అడవే అయింది. ప్రపంచంలోని ఊళ్ళ పేర్లన్నీ అక్కడే ఉన్నట్టున్నాయి. మా మనవరాలు అట్టముక్క మీద రంగులతో "ఆత్మకూరు, ఉదయగిరి" అని తెలుగులో రాసింది. ఆ పిల్లకు తెలుగు రాయడం వచ్చునని మాకు ఆరోజే తెలిసింది. కోడలు నేర్పుతున్నదట, మాకు చెప్పనే లేదు. కళ్ళు తుడుచుకుని ఆ అట్టను ఒక స్తంభానికి కట్టి వచ్చాం.

యూకాన్ ప్రాంతంలో వైట్‌హార్స్ దాటాక రాత్రి అనేది లేకుండా పోయింది. పదకొండున్నరకు సూర్యుడు దిగుతాడు గాని చీకటి పడదు, నాలుగున్నరకల్లా మళ్ళీ వచ్చేస్తాడు. కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పడుకున్నాం. క్లువానీ సరస్సు దాటాక రోడ్డు అలలు అలలుగా ఎగుడుదిగుడైంది. అక్కడ నేల అడుగున మట్టి ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. పైన రోడ్డు వేసి చెట్లు తీసేస్తే ఎండ వేడికి ఆ మంచు కరిగి నేల కుంగుతుంది. ప్రతి ఏడాదీ బాగుచేస్తారు, ప్రతి ఏడాదీ కుంగుతుంది. గిన్నెల మోతతో బీవర్ క్రీక్ చేరాం. 1942 అక్టోబరు 25న అటునుంచి ఒక బుల్డోజరు, ఇటునుంచి ఒక బుల్డోజరు ఆ ప్రాంతంలోనే అడవిలో ఎదురెదురుగా కలుసుకున్నాయి. ఒకదాని మీద రిఫైన్స్ సిమ్స్ అనే నల్ల సైనికుడు, రెండోదాని మీద ఆల్‌ఫ్రెడ్ జలుఫ్కా అనే తెల్ల సైనికుడు. ఇద్దరూ చేతులు కలిపారు. సైన్యంలో ఆ విభజన తీసేయమని ఉత్తర్వు వచ్చింది 1948లో. పై అధికారులకు ఆరేళ్ళు పట్టిన పని ఆ ఇద్దరూ ఆ అడవిలో ఒక్క క్షణంలో చేశారు.

తిరుగు ప్రయాణంలో జరిగింది మా అసలు కథ.

లియార్డ్ నది దాటి, కొండదారిలో ఫోర్ట్ నెల్సన్ వైపు వస్తున్నాం. సాయంత్రం నాలుగవుతుంది. సన్నగా వాన, వణికించే చలి. ఒక్కసారిగా తుపాకి పేలినట్టు శబ్దం. వెనుక జంట చక్రాల్లో ఒకటి పగిలింది. తోక భాగంలో రేకు కూడా చీలిపోయింది. మా అబ్బాయి బండి ఓరకు తీసి దిగాడు. మారుచక్రం ఉంది గాని, ఇచ్చిన జాకీ ఆ బరువు ఎత్తలేకపోయింది. ఫోను పనిచేయదు. ఊరు ఎంత దూరమో తెలుసు గనుకనే భయం వేసింది. మనవడు ఆకలంటున్నాడు. కోడలు ఏమీ మాట్లాడకుండా పిల్లలకు స్వెట్టర్లు తొడుగుతున్నది.

పది నిమిషాలు గడిచాయో లేదో, ఎదురుగా వస్తున్న పాత ట్రక్కు ఒకటి మమ్మల్ని చూసి నెమ్మదించి, రోడ్డు దాటి వచ్చి మా వెనుక ఆగింది. డెబ్భై దాటిన ఒక పెద్దాయన, ఆయన భార్య. ఆ నేలకు చెందిన ఆదివాసులు. ఆయన మమ్మల్ని "ఎవరు మీరు, ఎక్కడివారు" అని అడగలేదు. వంగి చక్రం చూశాడు. తన ట్రక్కులోంచి పెద్ద జాకీ, చెక్క దుంగలు, గాలి కొట్టే యంత్రం దించాడు. వానలో నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. ఆమె ఫ్లాస్కులోంచి వేడి టీ పోసి పిల్లలకిచ్చింది. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో ఇంకా ఐదు వాహనాలు వచ్చాయి. ఐదూ ఆగాయి. అద్దం దించి, "అంతా బాగేనా? ఏమన్నా కావాలా?" అని అడిగి, పెద్దాయన చెయ్యి ఊపాకే కదిలాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా దాటిపోలేదు.

పని అయ్యాక మా అబ్బాయి డబ్బు ఇవ్వబోతే ఆయన చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. "ఇక్కడ ఎవరూ దాటిపోరు. చలికాలంలో దాటిపోతే వెనుకవాడు చచ్చిపోతాడు. ఇవాళ మీరు, రేపు నేను" అన్నాడు. కోడలి కోసం మేము ఉదయగిరి నుంచి తెచ్చిన చెక్క గరిటెల కట్ట బండిలో ఉంటే ఆమె చేతిలో పెట్టాం. కొండ కర్రతో చేసిన ఆ నున్నటి గరిటెలను ఆమె చెంపకు ఆనించుకుని చూసింది.

ఆ రోడ్డు వేసిన రోజుల్లో, బయటివాళ్ళు వచ్చి పోతుంటే వెంబడి పల్లెల్లో తట్టు లాంటి రోగాలు పాకి ఎందరో ఆదివాసులు చనిపోయారని మా అబ్బాయి అంతకు ముందే చెప్పాడు. అలాంటి రోడ్డు మీద, ఆ జనంలోని మనిషి, మాకోసం బురదలో పడుకున్నాడు.

బండి కదిలాక మాలో ఒకరు ఏడవడం మొదలుపెట్టారు. రెండోవారు అడగలేదు. అడగాల్సిన పనిలేదు. పద్నాలుగేళ్ళుగా మేమిద్దరం ఎన్నడూ నోరెత్తి మాట్లాడుకోని రాత్రి ఒకటుంది. ఇద్దరికీ అదే గుర్తొచ్చింది.

2004 మే నెల. ఉదయగిరిలో పెళ్ళి చూసుకుని రాత్రి పదకొండు గంటలప్పుడు మా తెల్ల అంబాసిడర్‌లో ఆత్మకూరు వస్తున్నాం. మేమిద్దరమే. చుట్టూ చిట్టడవి. దూరంగా టార్చిలైటు ఊపుతూ ఒక మనిషి రోడ్డు మధ్యకు వచ్చాడు. పక్కన ఓరకు ఒరిగిన ఆటో ఒకటి కనపడింది. ఆ రోజుల్లో ఆ దారిలో బండ్లు ఆపి దోచుకుంటున్నారని పుకార్లు. మాలో ఒకరు "ఆపొద్దు" అన్నారు. ఒకరు ఆపలేదు. అద్దాలు పైకెత్తి, ఆ మనిషిని తప్పించి, వేగం పెంచి వచ్చేశాం. ఎవరు ఏది చేశారో ఇక్కడ రాయం. అది మా ఇద్దరి తప్పు.

మరుసటి ఆదివారం మందిరంలో తెలిసింది. ఆ మనిషి పక్క పల్లె సంఘస్థుడు. నొప్పులు పడుతున్న కూతుర్ని ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకొస్తుంటే ఆటో ఇరుసు విరిగింది. అప్పటికి 108 బండ్లు లేవు, అవి 2005లో గాని మొదలు కాలేదు. తెల్లవారి పాలబండి వచ్చేదాకా వాళ్ళు రోడ్డు మీదే ఉన్నారు. ఆ అమ్మాయి బతికింది. బిడ్డ దక్కలేదు. ఆ కుటుంబం కోసం సంఘమంతా ప్రార్థన చేసింది. మేమూ తలవంచి చేశాం. నోరు విప్పలేదు.

మంచి సమరయుని కథ బడిలో, సండే స్కూల్లో ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు. దారి పక్కనుంచి తప్పుకుపోయిన యాజకుడి గురించి, లేవీయుడి గురించి పిల్లలకు అడిగి మరీ చెప్పించాం. ఆ ఇద్దరికి కూడా దొంగల భయమే అయ్యుండొచ్చునని మాకు ఆ రాత్రి తరువాతే తట్టింది. భయం నిజమే. కాని దాటిపోయాక అయినా ఆగి ఉండొచ్చు. ముందున్న ఊళ్ళో నలుగుర్ని లేపి, టార్చిలు పట్టుకుని వెనక్కి వచ్చి ఉండొచ్చు. అలా చేయడానికి మమ్మల్ని ఏ దొంగా ఆపలేదు.

సెప్టెంబరులో ఇంటికొచ్చాక మొదటి వారంలోనే ఆ పల్లెకు వెళ్ళాం. ఆమె తండ్రి అప్పటికే చనిపోయాడు. ఆమెకు తరువాత ఇద్దరు పిల్లలు పుట్టారు, బడికి పోతున్నారు. పంచలో నులకమంచం వాల్చి కూర్చోమంది. మేము కూర్చోలేదు. నిలబడే చెప్పాం. ఎలా చెప్పామో ఇప్పుడు గుర్తులేదు.

ఆమె కాసేపు నేల చూస్తూ ఉంది. తరువాత, "మాకు తెల్సు సార్. తెల్ల అంబాసిడరు ఈ చుట్టుపక్కల మీకొక్కళ్ళకే ఉండె. నాయన ఆ రాత్రే గుర్తుపట్టినాడు. ఎవురికీ చెప్పొద్దన్నాడు టీచరమ్మా. సారు గుర్తుపట్టి ఉంటే ఆపేవాడే, చీకట్లో భయపడినాడు, అన్నాడు" అంది.

పద్నాలుగేళ్ళు. ప్రతి క్రిస్మస్‌కూ ఆ పెద్దాయన మా గేటు దగ్గరికి వచ్చి, "వందనాలయ్యా" అని చెప్పి, వేరుశనక్కాయలో, సీతాఫలాలో ఇచ్చిపోయేవాడు. తెలిసే ఇచ్చాడు. మాకు తెలియదనుకుని కాదు, మేము చెప్పుకోలేకపోతున్నామని తెలిసి ఇచ్చాడు.

ఆమె మమ్మల్ని క్షమించానని అనలేదు. అనమని మేము అడగలేదు కూడా. లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. తాగి వచ్చాం. ఊరి పేరు రాయకుండా ఈ సంగతి పత్రికలో రాయవచ్చా అని ఈమధ్య అడిగితే, "రాయండి టీచరమ్మా, చదివినోళ్ళు ఒక్కరైనా ఆపుతారు" అంది. అందుకే రాస్తున్నాం.

పాఠకులారా, మీలో చాలామందికి ఇప్పుడు మోటారు సైకిళ్ళున్నాయి, ఆటోలున్నాయి, కొందరికి కార్లున్నాయి. అద్దాలెత్తి చల్లగాలి పెట్టుకుంటే బయటి కేక వినపడదు. మన పెద్దల గూడుబండికి వెనుక తలుపుండేది కాదు. కనుక మాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాం.

రాత్రి ఒంటరిగా ఉండి ఆగడానికి భయమైతే, దిగనక్కరలేదు. నెమ్మదించి, అద్దం రెండు వేళ్ళంత దించి, "ఏమైంది?" అని అడగండి. అదీ చేయలేకపోతే, చోటు గుర్తుపెట్టుకుని వెంటనే 108కి గాని 112కి గాని ఫోను చేయండి. ఫోను అందకపోతే ముందున్న ఊళ్ళో దీపం వెలిగే చోట ఆగి మనుషుల్ని లేపండి. ప్రమాదంలో దెబ్బ తగిలినవారిని ఆసుపత్రికి చేరిస్తే పోలీసుల చుట్టూ తిరగాలని చాలామంది భయపడతారు. ఆ భయం అక్కరలేదు. సాయం చేసినవారికి రక్షణ కల్పించే మార్గదర్శకాలను 2016లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది, 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో కూడా అది చేరింది. మీ పేరు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు.

మా బండిలో ఇప్పుడు ఐదు లీటర్ల నీళ్ళ క్యాను, టార్చి, మోకు, మంచి జాకీ, ఒక దుప్పటి ఎప్పుడూ ఉంటాయి. జాకీ మాకోసం కాదు. మా బండి కొత్తదే.

మొన్న ఫిబ్రవరిలో ఉదయగిరి నుంచి వస్తుంటే పొద్దుగూకే వేళ గొర్రెలకాపరి ఒకడు చెయ్యెత్తాడు. ఆపాం. ఏం కావాలయ్యా అంటే, "ఏం లేదు సార్, నీళ్ళుంటే రెండు గుక్కలు" అన్నాడు. తాగి, మిగిలిన నీళ్ళు తన కుక్కకు దోసిట్లో పోశాడు. అంతే పని. రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలు మన దగ్గర ఎప్పుడూ ఉంటాయి.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం. అందాకా మీ ప్రయాణాలన్నిటిలో దేవుడు మీకు తోడుండును గాక. మీరు దారిలో ఎవరికైనా తోడుగా ఉందురు గాక.